రెండు విడతల కంప్యూటర్

మా ఆపా కుమారుడు ఇంటర్మీడియట్ పూర్తిచేసిన 2023 వేసవిలో, ఆటలు ఆడేందుకు పనికివచ్చే డెస్క్‌టాప్ కంప్యూటర్ కావాలని ఇంట్లో కోరాడు. ఏ ఆటలు, రోజుకు ఎంతసేపు అన్న చర్చ తల్లీకొడుకుల మధ్య తేలిపోయిన తర్వాతే విషయం నా వద్దకు వచ్చింది గనుక దాని జోలికి పోను. దమ్మామ్‌లో పనిచేస్తున్న దూల్హాభాయ్ ఫోనులో రెండే మాటలు చెప్పారు. మొత్తం 45 వేలు మించరాదు; వడ్డీ వాయిదాల మీద ఒక్క వస్తువూ కొనరాదు. ఆ సొమ్ములో, ఆ ఏడాది సెలవుకు రావడం మానుకొని ఆయన మిగిల్చిన విమానం టికెట్ డబ్బు ఉందని ఆపా నాకు విడిగా చెప్పింది. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ బోధిస్తాను కాబట్టి ఎంపిక భారం నా మీద పడింది.

కుర్రవాడు కాగితం మీద రాసి తెచ్చిన జాబితా తెలివితక్కువది కాదు. ఇంటెల్ కోర్ ఐ3-12100ఎఫ్ ప్రాసెసర్, ఆర్‌ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు. ఆటల వరకు చక్కని జోడీ. కానీ ఇంటెల్ పేర్లలో చివర ‘ఎఫ్’ ఉంటే ఆ ప్రాసెసర్‌లో చిత్రాన్ని తెరకు పంపే భాగం ఉండదు. కార్డు లేకపోతే మానిటర్ మీద ఏమీ కనిపించదు. అంటే రెండూ మొదటి రోజే కొనాలి. ఆ ప్రకారం లెక్క 60 వేలు దాటింది. దాన్ని తగ్గించడానికి అతడు మానిటర్‌ను కొట్టివేసి, కేబినెట్‌తో ఉచితంగా ఇచ్చే పవర్ సప్లయ్‌తో సరిపెట్టుకోవాలనుకున్నాడు.

నేను మరో దారి ఎంచాను. ఏఎండి సంస్థ 2021లో తెచ్చిన రైజెన్ 5 5600జి ప్రాసెసర్‌లో ఆరు కోర్లతో పాటు గ్రాఫిక్స్ భాగం కూడా లోపలే ఉంటుంది. దానిని చల్లబరిచే ఫ్యాను పెట్టెలోనే వస్తుంది. అది మొదటి విడత. డబ్బు సమకూరినప్పుడు కార్డు తగిలిస్తే రెండవ విడత. అప్పు లేకుండా కొనే ఇంటికి ఇంతకంటే అనువైన పద్ధతి నాకు తోచలేదు. ఇందులో నష్టం లేకపోలేదు. ఇదే వరుసలోని 5600 ప్రాసెసర్‌కు 32 ఎంబీల క్యాష్ ఉంటే, దీనికి 16 ఎంబీలే. రేపు కార్డు పెట్టాక కూడా ఆ తేడా కొంత కనిపిస్తుంది. కొత్త భారీ ఆటలు మొదటి విడతలో ఆడలేవని కూడా కుర్రవాడికి ముందే చెప్పాను. ‘వాలరెంట్’ వంటి తేలికపాటి ఆట సాఫీగా నడుస్తుందన్నాను. అతడు రెండు రోజులు మాట్లాడలేదు. మూడవ రోజు, “సరే మామూ, కానీ మదర్‌బోర్డు నేనే చూస్తాను” అన్నాడు. నాలుగు ర్యామ్ స్లాట్లున్న బి450 బోర్డును ఎంచింది అతడే.

ర్యామ్ విషయంలో ఒక సంగతి చెప్పాలి. లోపలి గ్రాఫిక్స్‌కు సొంత మెమొరీ ఉండదు, ర్యామ్‌నే పంచుకుంటుంది. అందుచేత 16 జీబీల ముక్క ఒకటి కొనడం కంటే 8 జీబీలవి రెండు కొని, సరైన జంట స్లాట్లలో పెడితే ఆటలో వేగం స్పష్టంగా పెరుగుతుంది. ధర మాత్రం దాదాపు ఒకటే.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు కర్నూలు నుండి ఇద్దరం వెళ్ళాము. ఒక దుకాణంలో, “ఇది కూడా 500 వాట్లే సార్, కేబినెట్‌తో ఉచితం” అంటూ ఒక పవర్ సప్లయ్ చూపారు. చేతిలోకి తీసుకుంటే ఆశ్చర్యం కలిగేంత తేలిక. పక్కన అతికించిన చీటీని కుర్రవాడి చేత చదివించాను. 12 వోల్టుల వరుసలో 18 ఆంపియర్లని ఉంది. గుణిస్తే 216 వాట్లు. కంప్యూటర్‌లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ప్రధానంగా వాడుకునేది ఆ 12 వోల్టులనే. ఆర్‌ఎక్స్ 6600కు 132 వాట్లు, ప్రాసెసర్‌కు 65 వాట్లు అని తయారీదారులే రాస్తారు, వెరసి 197. ఆట ముమ్మరంగా సాగేటప్పుడు ప్రాసెసర్ ఆ 65ను దాటుతుంది కూడా. ఇక మిగిలేది ఏమిటి? మేము కొన్న 550 వాట్ల పెట్టె మీద 45 ఆంపియర్లని ఉంది, అంటే 540 వాట్లు. ‘80 ప్లస్’ ముద్ర కరెంటు ఎంత వృథా అవుతుందో చెబుతుందే తప్ప భద్రతకు హామీ కాదు. అందుకే ఆంపియర్లనూ, వారంటీ సంవత్సరాలనూ చూశాను. నాలుగు వేలకు దగ్గరైంది. ఆ రోజు బేరమాడకుండా ఇచ్చిన డబ్బు అదొక్కటే.

మరొక చోట వాడిన గ్రాఫిక్స్ కార్డు సగం ధరకే ఇస్తామన్నారు. 2022 సెప్టెంబర్‌లో ఎథీరియం పద్ధతి మారి, కార్డులతో దాన్ని తవ్వే పని ఆగిపోయాక అటువంటివి బజారును ముంచెత్తాయి. అవన్నీ చెడ్డవని అనను. కానీ వారంటీ లేని వస్తువు, చెడితే మళ్ళీ కొనగలవాడికే చవక.

రంగుదీపాల ఫ్యాన్ల కోసం కుర్రవాడు చివరిదాకా పట్టుబట్టాడు. కర్నూలు ఎండలు తెలిసినవాడిని గనుక, దీపాలున్నా లేకున్నా ముందువైపు జల్లెడలా గాలి ఆడే కేబినెట్టే కావాలన్నాను. వెతకగా రెండూ ఉన్నది దొరికింది. అతని ముఖం చూసి మరో మూడు వందలు నేనే వేశాను. మానిటర్‌తో కలిపి 44 వేల చిల్లర అయింది. ఆపా కుట్టుపని లెక్కలు కూడా అందులోనే రాస్తోంది.

గత సంవత్సరం దూల్హాభాయ్ సెలవుకు వచ్చినప్పుడు, పొదుపు చేసిన సొమ్ముతో కొత్త ఆర్‌ఎక్స్ 6600 కార్డు తెచ్చారు. పవర్ సప్లయ్ మార్చనక్కరలేదు. కార్డుకు కావలసిన 8 పిన్నుల తీగ దానికి ముందే ఉంది. తండ్రి టార్చి పట్టుకొని నిలబడగా కొడుకు స్క్రూలు బిగించాడు. మానిటర్ తీగను బోర్డు నుండి తీసి కార్డుకు తగిలించమని నేను ఫోనులో చెప్పబోతుంటే, “అది ఎప్పుడో చేశాను మామూ” అన్నాడు.