మా కొర్రకూడు

గడివేముల మాదిగ గేరిలో కూడంటే కొర్రకూడే. వరన్నం ఉగాదికీ పీర్ల పండక్కీ. మిగతా దినాలు జొన్నరొట్టె, బుడ్డల ఊర్మిండి. కలుపుకు పోయిన మాయమ్మ సేను గట్లమీద చెంచలాకు, గురుగాకు ఒడినిండా గిల్లుకొచ్చేది. పైసా ఖర్చు లేదు. పెద్దమాంసం దొరికితే తునకలు ఎండేసి, నెలల తరబడి పులుసులో వేసేది. బడిలో మా సద్ది చూసి పక్కకు జరిగి కూచునేటోళ్లు.

1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చినాయి. పండగ కూడు పూటపూటకూ వచ్చింది. అది మా గేరికి గౌరవమే, కాదనను. కానీ ఆ కార్డుమీద కొర్రలు రాలేదు. ఊళ్లో కొర్ర సేన్లు పప్పుశనగకు మళ్లినాయి. మందు కొట్టిన గట్లమీద ఆకూ పోయింది.

ఇప్పుడు మాయమ్మకు షుగరు. డాక్టరు కొర్రలు తినమన్నాడు. వంద గ్రాముల కొర్రల్లో 12 గ్రాముల దాకా మాంసకృత్తులుంటాయి, తెల్లబియ్యంలో 8కి మించవు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమన్నది. నంద్యాల అంగట్లో కొర్రలు సన్నబియ్యం కంటే ప్రియం. ధర విని మాయమ్మ, "మనల్ని ఎక్కిరించిన కూడే కద నాయనా ఇది" అన్నది.

అందుకే ఇంట్లో పగలు రేషన్ బియ్యం, రాత్రి జొన్నరొట్టె. ఉలవకట్టు, పెరటి మునగాకు, వారానికి రెండు మూడు గుడ్లు. కూలి డబ్బుల్లో ఇంతే సాగుతుంది.

తక్కువ ఖర్చుతో బలమైన కూడు ఎట్లా తినాలో మా ఆడోళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. కార్డుమీద కొర్రలు కూడా ఇయ్యమనండి. కొర్ర విత్తేదానికి సెంటు కాదు, సేనే ఇయ్యమనండి.