మా ఇంట్లో రాముడు - భీముడు!

సస్పెన్స్ సినిమాల్లో హంతకుణ్ణి ఇంటర్వెల్ లోపే పట్టేస్తానని నాకు మహా గర్వం. పక్క సీటువాడి చెవిలో ఆ పేరు ఊది, తిట్లు తిన్న సందర్భాలూ ఉన్నాయి. అలాంటి నేను, మా ఇంట్లోనే మూడు వారాలాడిన సస్పెన్స్ కథలో విలన్‌ని పోల్చుకోలేకపోయాను. ఎందుకు పోల్చుకోలేకపోయానో చివర్లో మీకే తెలుస్తుంది!

సంగతేమిటంటే... 2023లో, దసరా ముందు, మా ఇంట్లో ఇంటర్నెట్టు కొత్త వేషాలు మొదలుపెట్టింది. పగలంతా బుద్ధిగా ఉంటుంది. సాయంత్రం ఏడు దాటిందో లేదో, ఉన్నట్టుండి మాయం! కాసేపటికి దానంతటదే వస్తుంది. మళ్లీ పోతుంది.

నాలుగు ముక్కలు చదువుకున్నవాణ్ణి కదా, నేనే పరీక్షకు దిగాను. కంప్యూటర్లో 'పింగ్' అని ఓ ఆజ్ఞ ఉంది. అవతలి యంత్రాన్ని "ఉన్నావా?" అని పలకరిస్తుంది. అది "ఉన్నా" అంటే, ఎన్ని మిల్లీసెకన్లలో పలికిందో చూపిస్తుంది. అంతే దాని పని. మా గోడకున్న రూటరు నంబరు 192.168.1.1. దాన్ని పలకరించాను. ఠంచనుగా పలికింది. బయటి ప్రపంచాన్ని పలకరించాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు! ఇంకేం? ఇంట్లో పెట్టె బాగుంది, బయట లైనే పాడైంది అని తీర్పు చెప్పేశాను.

కంపెనీవాళ్లకి ఫోను చేస్తే ఓ కుర్రాణ్ణి పంపారు. మూడుసార్లు వచ్చాడు పాపం, మూడుసార్లూ పగటిపూటే. ఫైబరు కొస శుభ్రం చేశాడు. అందులో వచ్చే వెలుగుని మీటరుతో కొలిచాడు. "లైను బ్రహ్మాండంగా ఉంది సార్" అన్నాడు.

"అంటే, నేను అబద్ధమాడుతున్నానా?" అని కస్సుమన్నాను. అతను మాట్లాడకుండా సంచీ సర్దుకుని వెళ్లిపోయాడు.

ఆ మర్నాడే మా చెల్లికి ఇంటర్వ్యూ. అమెరికా కంపెనీ. వాళ్లకి పొద్దున్న, మనకి రాత్రి ఎనిమిది. రెండో ప్రశ్నకి జవాబు చెబుతుండగా తెరమీద బొమ్మ బిగుసుకుపోయింది. ఫోన్లో డేటా పెట్టుకుని మళ్లీ చేరేసరికి అవతల ఎవరూ లేరు. అది ఏడవలేదు. "పోన్లే అన్నయ్యా" అని లోపలికి వెళ్లిపోయింది. ఏడ్చినా బాగుండేది.

ఆ ఉక్రోషంలో కంపెనీకి ఫోను చేసి, ఆ కుర్రాడి మీద ఫిర్యాదు రాయించాను. పని రాదనీ, పైగా అబద్ధాలు చెబుతాడనీ!

ఇక్కణ్ణుంచి కథలోకి ముగ్గురు వస్తారు. మా పై వాటాలో, టెలిఫోను ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఉన్నారు. అందరం మాస్టారూ అంటాం. ఆయన మనవడు పాలిటెక్నిక్ విద్యార్థి. మూడోవాడు నా మిత్రుడు, సికింద్రాబాదు పార్క్‌లేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్లో కంప్యూటరు విడిభాగాలమ్మే కొట్లో పనిచేస్తాడు. చెడిపోయిన వస్తువు కనబడితే చాలు, ఈ ముగ్గురికీ అభిమాన హీరో సినిమా మొదటి ఆటకి టిక్కెట్టు దొరికినంత సంబరం!

మొదటి అనుమానం అడాప్టరు మీదికి పోయింది. మిత్రుడు ఇంకో 12 వోల్టులది తెచ్చి పెట్టాడు. ఫలితం సున్నా. రెండో అనుమానం, నా కంప్యూటరుకి వచ్చే తీగ. మనవడు చూసి, "అంకుల్, మీ లింకు వెయ్యి మెగాబిట్లు ఉండాలి, వందే ఉంది" అన్నాడు. ఆ తీగలో ఎనిమిది పోగులుంటాయి. వంద వేగానికి నాలుగు చాలు, వెయ్యికి ఎనిమిదీ కావాలి. మిగతా నాలుగింట్లో ఒకటి తెగినా పెట్టె కిక్కురుమనకుండా వందకి దిగిపోవచ్చు. సరే, కొస కత్తిరించి, తెల్లనారింజ, నారింజ, తెల్లపచ్చ, నీలం, తెల్లనీలం, పచ్చ, తెల్లగోధుమ, గోధుమ అని వరస పేర్చి కొత్త ప్లగ్గు బిగించాడు. లింకు వెయ్యికి ఎగిరింది! అందరం చప్పట్లు కొట్టాం. ముద్దాయి దొరికాడనుకున్నాం.

ఏడు గంటలైంది... ఇంటర్నెట్టు పోయింది! కథ ఇంటర్వెల్ దగ్గరే ఉందన్నమాట.

మాస్టారు కుర్చీలో వెనక్కి వాలారు. "ఏమోయ్, పగలు జరగనిది, ఏడింటికి మీ ఇంట్లో జరిగేది ఏమిటి?" అన్నారు.

"ఏముంది మాస్టారూ, అమ్మ సీరియల్ పెట్టుకుంటుంది."

"టీవీ స్విచ్చి ఎక్కడ?"

టీవీ వెనక ఎక్స్‌టెన్షన్ బోర్డు ఉంది. కరెంటు దండగని అమ్మ పగలు దాన్ని కట్టేస్తుంది. ఆ బోర్డుకే ఇంకో ప్లగ్గు కూడా ఉంది. అది నా పాత రూటరుది. గోడమీది రూటరులో ఖాళీ చిల్లులు లేవని, టీవీకి తీగ పంచడానికి, మూడు వారాల కిందట నేనే పెట్టి మరిచిపోయాను. దాని నంబరు కూడా... 192.168.1.1!

'రాముడు - భీముడు' (1964) చూసినవాళ్లకి వేరే చెప్పాలా? ఎన్టీ రామారావుగారి ద్విపాత్రాభినయం! మా ఇంట్లోనూ ఒకే ముఖంతో ఇద్దరు. కంప్యూటరు ఇంటర్నెట్టుకి వెళ్లబోయే ముందు, "192.168.1.1 ఎవరయ్యా?" అని ఇల్లంతా వినబడేలా కేకేస్తుంది. ఈ కేకేసే పద్ధతిని 1982లో రాశారు. దాని పేరు ఏ.ఆర్.పి. పలికినవాణ్ణి నమ్మడమే తప్ప గుర్తింపు అడగడం అందులో లేదు. గోడమీదివాడు పలికితే దారి దొరికింది. టీవీ వెనకవాడు పలికితే, వాడికి బయటికి దారే లేదు కాబట్టి అన్నీ అక్కడే ఆగిపోయాయి. కొంతసేపటికి కంప్యూటరు మళ్లీ కేకేస్తుంది, మళ్లీ అదృష్టాన్నిబట్టి. నా పింగుకి అంత ఠంచనుగా పలికింది ఎవరో ఇప్పుడు అర్థమైందిగా!

మన సినిమాల్లో కవలల్ని పుట్టుమచ్చతో పోల్చుకుంటారు. యంత్రాలకీ పుట్టుమచ్చ ఉంది. దాన్ని మ్యాక్ అడ్రసు అంటారు. పన్నెండు గుర్తులు, సాధారణంగా మొదటి ఆరూ తయారుచేసినవాడి ఇంటిపేరు. మనవడు ఏ.ఆర్.పి. పట్టిక తెరిచాడు. టీవీ స్విచ్చి కట్టినప్పుడు ఒక మచ్చ. వేసి కాసేపు ఆగితే ఇంకో మచ్చ!

మందు పది నిమిషాల పని. పాత రూటరుని విడదీసి, దానికొక్క కంప్యూటరే తగిలించి, నంబరు 192.168.1.2 చేశాం. ఇంట్లో యంత్రాలకి నంబర్లు పంచే పనిని, అంటే డి.హెచ్.సి.పి.ని, అందులో ఆపేశాం. ఆ పని ఒక్కడే చెయ్యాలి. ఆ రాత్రి అమ్మ సీరియలూ, మా ఇంటర్నెట్టూ కాపురం చేసుకున్నాయి.

చెల్లి ఆ కంపెనీకి రాస్తే ఇంకో తేదీ ఇచ్చారు గానీ, ఆ ఉద్యోగం రాలేదు. నాకు మాత్రం ఇంకో పని మిగిలింది. కంపెనీకి ఫోను చేసి, తప్పు నాదేనని రాయించి, ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాను. ఆ కుర్రాణ్ణి ఇంటికి పిలిచాను. ఫిర్యాదు పడ్డందుకు జీతంలో కొంత కోశారట. ఆ డబ్బు నేనిస్తానంటే తీసుకోలేదు.

"వద్దు సార్. మీరు అన్నమాట డబ్బుతో పోతుందా?" అన్నాడు.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. టీ తాగుతూ అతనే అడిగాడు: "ఇంతకీ ఎలా పట్టుకున్నారు సార్?" మాస్టారు అంతా చెబుతుంటే ఫోన్లో రాసుకున్నాడు. "ఇంకో రెండిళ్లలో ఇదే గొడవ సార్... ఈసారి సాయంత్రం వెళ్తాను" అంటూ లేచాడు.

అదండీ కథ. విలన్ ఎవరో ఈపాటికి మీరు పోల్చుకునే ఉంటారు. పక్క సీటువాడికి చెప్పెయ్యండి, నేనేం అనుకోను!