ఫ్రేమ్‌లోకి డిష్ రాకుండా

మన లైబ్రరీ మెట్లెక్కుతుంటే కుడివైపు గోడకి ఒక బ్లాక్ అండ్ వైట్ ఫోటో ఉంటుంది, చూసే ఉంటారు. ఇసుర్రాయి పిడి పట్టుకున్న రెండు ముసలి చేతులు. కింద 'ద ఫర్గాటెన్ ఇండియా' అని కాప్షన్. పోయినేడాది ఫెస్ట్‌లో దానికి ఫస్ట్ ప్రైజ్ వచ్చింది. తీసింది నేనే. ఆ చేతులు మా రూమ్మేట్ వాళ్ల నానమ్మవి.

ప్రైజ్ వచ్చిన రోజు వాడు ఫోటో ముందు నిలబడి కాప్షన్ రెండుసార్లు చదివాడు. "ఎవరు మర్చిపోయిండ్రు రా?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామన్నట్టు. నా దగ్గర జవాబు లేదు. బిర్యానీ ట్రీట్ ఇచ్చి తప్పించుకున్నా.

(ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న బ్యాచ్ నేను. తెలుగులో తప్పులుంటే ఎడిటర్ని తిట్టండి.)

వాడిది కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా, జైనూర్ వైపు ఒక గోండు గూడెం. ఫస్టియర్ దీపావళి సెలవులకి వాడితో వెళ్లాను. ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్‌లో దిగి, కెరమెరి ఘాట్ మలుపులన్నీ తిరిగేసరికి నా కడుపులో కూడా ఘాట్ రోడ్డే. అక్కడ దీపావళి అంటే దండారి. ఒక ఊరి బృందం ఇంకో ఊరికి చుట్టాల్లా వెళ్తుంది, వాళ్లు అన్నం పెడతారు, రాత్రి ఆట. నెమలి ఈకల టోపీ పెట్టుకొని, ఒంటికి బూడిద పూసుకొని ఆడేవాళ్లు గుస్సాడీలు. ఈ ఆటకే మార్లవాయి కనక రాజు గారికి 2021లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ వేషంలో ఉన్న మనిషిని ఊళ్లో దేవుడిలా చూస్తారు. నేను మాత్రం ఒక గుస్సాడీ దగ్గరికి వెళ్లి "అన్నా, కూలింగ్ గ్లాసెస్ తీసి కొంచెం ఎండవైపు తిరుగుతారా" అన్నాను. రూమ్మేట్ నా చొక్కా పట్టుకొని వెనక్కి లాగాడు.

మూడు రోజుల్లో పన్నెండొందల ఫోటోలు. ఎక్కువ కష్టం దేనికి పడ్డానో తెలుసా? ఫ్రేమ్‌లోకి టీవీ డిష్ రాకుండా చూడటానికి. ప్లాస్టిక్ కుర్చీలు, ట్రాక్టర్, తీగ మీద ఆరేసిన స్కూల్ యూనిఫాం, ఫోన్లో రీల్స్ చూస్తున్న పిల్లాడు, అన్నీ కట్. ఇక ఆ ఇసుర్రాయి సంగతి చెప్పాలంటే సిగ్గేస్తుంది. నానమ్మ దాన్ని వాడనే వాడదు. జొన్నలు గిర్నీకి పోతాయి. మూలన బోర్లించి ఉన్నదాన్ని నేనే బయటికి తీయించి, ఒక్కసారి తిప్పమన్నాను. ఆమె నవ్వుతూనే తిప్పింది. ఆ నవ్వు ఫోటోలో లేదు, ఎందుకంటే ముఖం కట్ చేశాను.

ఈ ఏడాది దీపావళికి మళ్లీ వెళ్లాను. వెళ్లేముందు నెట్‌లో వెతుకుతుంటే హైమన్‌డార్ఫ్ ఫోటోలు దొరికాయి. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవ శాస్త్రవేత్త, 1940ల్లో మార్లవాయిలో ఉండి గోండుల గురించి రాశాడు. ఆయన భార్య బెట్టీ సమాధి కూడా అక్కడే ఉంది. ఆయన తీసిన ఫోటోలు లండన్‌లో సోయాస్ అనే యూనివర్సిటీ ఆర్కైవ్‌లో ఉన్నాయి. కొన్ని డౌన్‌లోడ్ చేసి తీసుకెళ్లి, రూమ్మేట్ వాళ్ల తాతకి చూపించాను. వాళ్ల నాన్నని కూడా దొర ఫోటో తీశాడని ఇంట్లో చెప్పుకునేవాళ్లట.

తాత ఆ ముఖాల్లో తండ్రిని వెతికాడు. దొరకలేదు. తర్వాత మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు. ఈసారి మనుషుల్ని చూడట్లేదు. రెండు వేళ్లతో జూమ్ చేసి వెనకాల చూస్తున్నాడు. ఇంటి గుంజలు, దడి, మూలనున్న కుండ, కట్టేసిన ఎడ్లు. ఒక ఫోటోలో అంచుకి సగం తెగిపోయిన కొట్టం దగ్గర ఆగి, వేలితో పక్కకి జరుపుతూ ఉన్నాడు, మిగతా సగం వస్తుందేమోనని. "ఇటు ఇంకింత లేదా బిడ్డా?" అన్నాడు.

"లేదు తాతా, అంతే తీశాడు."

"నువ్వు పోయినేడు తీసినవ్ గదా, మన ఇల్లు చూపెట్టు."

ఫోన్‌లో నావన్నీ ఉన్నాయి. పన్నెండొందలు. పది నిమిషాలు వెతికాను. వాళ్ల ఇల్లు ఒక్కదాంట్లో కూడా పూర్తిగా లేదు. రేకుల కప్పు, దానిమీద డిష్ ఉందని నేనే తప్పించాను. ఆ రేకులు కూలి డబ్బులు జమచేసి వేయించుకున్నారని రూమ్మేట్ అప్పుడు చెప్పాడు. ఈ వేసవిలో స్లాబ్ వేస్తున్నారు, కప్పు తీసేస్తారట.

మర్నాడు పొద్దున్నే ఇంటి ఎదురుగా రోడ్డు అవతలికి వెళ్లి నిలబడ్డాను. డిష్, కుర్చీలు, ట్రాక్టర్ అన్నీ వచ్చేలా. తాత లోపలికి పోయి తెల్ల చొక్కా వేసుకొని వచ్చాడు. నానమ్మ చీర మార్చుకునేదాకా అందర్నీ ఆపింది. ఫోటోగా చూస్తే యావరేజ్. ఎండ ఎక్కువైంది, తాత కళ్లు మూశాడు. అయినా అరవై రెండు ప్రింట్లు వేయించి, గూడెంలో ఇంటికొకటి చొప్పున పంచమని రూమ్మేట్‌తో పంపించాను. కళ్లు మూసుకున్నది తీసేసి ఇంకొకటి పంపమని కబురొచ్చింది.

లైబ్రరీలో ఫోటో కాప్షన్ మార్చమని క్లబ్‌కి మెయిల్ పెట్టాను. ఏం రాయాలో చెప్పమన్నారు. నాకేమీ తోచలేదు. రూమ్మేట్ వాళ్లింటికి ఫోన్ చేసి నానమ్మనే అడిగాడు. ఆమె గోండిలో ఏదో అంది, అటువైపు అందరూ నవ్వారు.

"ఏమంది రా?"

"ఫోటో కోసం తిప్పిన అని రాయుమంటుంది."