కొత్తవాడ పిల్లలు, ఓరుగల్లు గుట్టలు

వరంగల్ కొత్తవాడ అనగానే మగ్గం గుర్తొస్తుంది. ఇక్కడి నేతగాళ్ల జంపఖానాలతోనే వరంగల్ దర్రీలకు పేరొచ్చింది, 2018లో భౌగోళిక గుర్తింపూ దక్కింది. ఇలాంటి పేట పిల్లలకు పక్షుల్ని చూపించాలంటే 1952లో అభయారణ్యమైన పాకాలకో, ఏటూరునాగారానికో తీసుకుపోవాలని పెద్దలు అనుకుంటారు. తొలి పాఠం ఊరి గుట్టల మీదే జరగాలని నా వాదన.

ఓరుగల్లు అన్న పేరే ఒంటిరాతి నుంచి పుట్టింది. కోటలోని ఏకశిల, హనుమకొండ పద్మాక్షి గుట్ట, మడికొండ మెట్టుగుట్ట చూపుకు బోడిరాళ్లే. కానీ చెవుల్లా ఈకలు నిక్కిన పెద్ద గుడ్లగూబకు కావలసింది అలాంటి రాతి అరుగే; అది గూడు కట్టదు, చదునైన చోట గుడ్లు పెట్టి, పొద్దుగూకాక ఎలుకల వేటకు బయలుదేరుతుంది. రాతి సందుల్లో నల్లంచి కాపురముంటుంది, గుట్ట కింది గడ్డిలో కౌజులు తిరుగుతాయి. గుట్ట మీది వాన దిగి కుంటగా నిలిచిన చోట ఈతచెట్లుంటే, వానాకాలంలో గిజిగాడు వచ్చి గూళ్లు అల్లుతాడు. అల్లేది మగపిట్టే. సగం అల్లి ఆగుతాడు. ఆడపిట్ట వచ్చి చూసి మెచ్చితేనే మిగతా సగం. పడుగు, పేక ఇంట్లోనే చూస్తూ పెరిగిన పిల్లకు ఆ అల్లికలోని పనితనం ఇట్టే పట్టుబడుతుంది.

ఇక్కడ అరుదైన జీవాలేమున్నాయని అడుగుతారు. నిజమే, అడవి ఇచ్చేది గుట్ట ఇవ్వదు, అడవికీ వెళ్లాల్సిందే. అయితే ఏడాదికోసారి పోయినవాళ్లకు ఆ రోజు కనబడిందే దక్కుతుంది. ఒకే గుట్టకు నెలనెలా వెళ్లి రాసుకుంటే చలికాలపు జిట్టంగి ఎప్పుడొచ్చింది, ఎప్పుడు పోయింది, ఏ పిట్ట తగ్గిందన్నది తేలుతుంది. గుట్టల్ని క్వారీల నుంచి కాపాడాలంటే వచ్చే ఇంకో అభ్యంతరం బరువైనది: ఇళ్లకు, రోడ్లకు కంకర కావాలి, దాని మీద కూలీలు బతుకుతున్నారు. అందుకని రాయి కొట్టడమే మానమనలేం. కంకర ఇంకో చోటి నుంచైనా లారీలో తెచ్చుకోవచ్చు. పిండి చేసిన రాతి అరుగును మళ్లీ తేలేం. గుట్ట వాలు చెడితే కింది కుంటకు నీరూ తగ్గుతుంది. కాబట్టి గుళ్లున్న గుట్టల్ని, చెరువులకు నీరిచ్చే గుట్టల్ని క్వారీలకు ఇవ్వకూడదు.

కొత్తవాడ బడుల పంతుళ్లకు ఒక విన్నపం. ఈ కార్తీకంలో ఒక తెల్లవారుజామున, మగ్గాల చప్పుడు మొదలవకముందే, నోటుపుస్తకాలతో పిల్లల్ని మెట్టుగుట్టకు తీసుకెళ్లండి. గూళ్ల దగ్గరికి మాత్రం పోనివ్వకండి.