అయ్యగారికి సెలవు ఎప్పుడు?

మన సంఘాల్లో పాస్టర్ గారి వారం ఎలా గడుస్తుందో గమనించారా? ఆదివారం ఆరాధన, వారం మధ్యలో బైబిల్ స్టడీ, శుక్రవారం ఉపవాస ప్రార్థన, సాయంత్రాలు గృహ కూడికలు, ఆసుపత్రి పరామర్శలు, పెళ్లిళ్లు, సమాధి కార్యక్రమాలు. అర్ధరాత్రి ఎవరైనా ఫోన్ చేసి "అయ్యగారూ, ఒక్కసారి వచ్చి ప్రార్థన చేయండి" అంటే కాదనలేరు. అలసిపోయానని పైకి చెబితే విశ్వాసం తగ్గిందంటారేమోనని భయం.

మొదటి రాజులు 19వ అధ్యాయం చదివిన ప్రతిసారీ నా మనసు కరిగిపోతుంది. కర్మెలు కొండ మీద అంత గొప్ప కార్యం చూసిన ఏలీయా, యెజెబెలు బెదిరింపు వినగానే అరణ్యానికి పారిపోయి, ఒక చెట్టు కింద కూర్చుని చావు కోరుకున్నాడు. దేవుడు ఆయన్ని గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు. దూత చేత రొట్టె, నీళ్లు పెట్టించాడు. మళ్లీ పడుకుంటే మళ్లీ లేపి తినిపించాడు. ఇక్కడేం చేస్తున్నావని హోరేబులో అడిగింది ఆ తర్వాతే! నేనొక్కణ్ణే మిగిలానన్న ఆ మనిషికి తోడుగా ఎలీషానూ చూపించాడు.

దైవజనులారా, ప్రసంగం కోసం కాకుండా మీ ఆత్మ కోసం వాక్యం ముందు కూర్చోండి. మీ కోసం ప్రార్థించే ఒక పెద్ద మనిషిని దగ్గర పెట్టుకోండి. సంఘ పెద్దలారా, వారంలో ఒక రోజు అయ్యగారి ఫోన్లు మీరే ఎత్తండి. ఆ రోజు ఆయన్ని అమ్మగారికి, పిల్లలకు వదిలేయండి.