దీని అమ్మీ ఏదీ?

పిల్లలు పనిలోకొస్తే ‘హటో బేటా’ అంటం, టీవీ ముందు కూసోబెడతం. మా ఇంట్ల అది బందయింది. రెండున్నరేళ్ల బిడ్డ నాతో కలిసి దస్తర్‌ఖాన్ పరుస్తది. ముడతలుంటయి, ఉండనీ. ఆరిన బట్టల్లోంచి నా లుంగీ, అమ్మీ దుపట్టా ఏరి ఎవరివి వాళ్లకిస్తది. నానీకిచ్చేది ‘పానీ’, పక్కింటి అవ్వకిచ్చేది ‘నీళ్లు’ అని ఈ పనుల్లోనే పట్టుకున్నది.

మొన్న భోజనానికొచ్చిన మిత్రుడు ‘మీ పాప తెలుగు బాగానే మాట్లాడుతోందే!’ అని ఆశ్చర్యపోయిండు. నలభై ఏళ్లుగా నాకిస్తున్న సర్టిఫికెట్టే. ఈ మట్టిలో పుట్టినదానికి తెలుగు రాక ఇంకేమొస్తది?

ఇక టీవీ. ఈ వయసు పిల్లలకు రోజుకు గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఆ గంటలో ఏం చూపాలన్నదే నా పేచీ. 2008లో వచ్చిన ‘ఛోటా భీమ్’ను తయారుచేసింది మా హైదరాబాద్‌లోనే. లడ్డూ తినుడు, కొట్టుడు, గెలుసుడు. నేను చూసినంతలో ఆ ఢోలక్‌పూర్‌లో ‘అమ్మీ’ అని పిలిచే పిల్ల లేదు. 2006 నాటి ‘గలీ గలీ సిమ్ సిమ్’ నయం. బడి బట్టల్లో తిరిగే ఆ పిల్ల పేరు చమ్కీ. మా దుపట్టాల మీద మెరిసేది కూడా చమ్కీయే. దొరికిన పాత భాగాలు పక్కన కూసోని చూపిస్తున్న.

నిన్న ఆట అయిపోయినంక బిడ్డ లేచి, ‘దీని అమ్మీ ఏదీ?’ అనుకుంట టీవీ వెనక్కి తొంగిచూసింది.