పాత తార్లు

మా ఛోటా భాయ్ దుబాయ్‌లో పడవల ఎలక్ట్రీషియన్. పోయిన నెల జుమ్మా నమాజ్ అయ్యాక వీడియో కాల్ చేశాడు. మొహం దిగాలుగా ఉంది. "క్యా హువా రే?" అన్నాను. "సేఠ్‌తో లడాయి అయింది భయ్యా."

సంగతి లంగరు మెషీన్‌ది. (లంగర్ ఫారసీ మాట. ఉర్దూ బడిలో నేర్చుకున్నదే తెలుగు డిగ్రీలో 'లంగరు'గా ఎదురైతే చుట్టపోడు కనబడ్డట్టు ఖుషీ అయింది.) పడవ ముందు భాగంలో లంగరు గొలుసును పైకి లాగే విండ్‌లాస్ చెడిపోయింది. కొత్తది తెచ్చారు. 12 వోల్టుల మోటార్, బరువు లాగేటప్పుడు 100 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది. సేఠ్ మాట ఒక్కటే: మెషీన్ మార్చు, తార్లు అవే ఉంచు.

పాతవన్నీ పీకేయాలని వీడూ జిద్ చేయలేదు. బటన్లకు వెళ్లే సన్న తార్లు బాగున్నాయి, ఉంచేశాడు. పాత మోటారుకు మూడు తార్లు, కొత్తదానికి రెండే. ప్లస్, మైనస్ తారుమారు చేస్తేనే అది వెనక్కి తిరుగుతుంది. అందుకని సొలెనాయిడ్ డబ్బా మార్చాలన్నాడు. సేఠ్ దానికీ ఒప్పుకున్నాడు. పేచీ అంతా బ్యాటరీ నుంచి వచ్చే లావు కేబుల్ దగ్గర.

అది 25 చదరపు మిల్లీమీటర్లది. పోను పది మీటర్లు, రాను పది మీటర్లు. 100 ఆంపియర్లు పారితే దారిలోనే 1.4 వోల్టులు పోతాయి. అదీ రాగి కొత్తగా ఉంటే! మోటార్ ఆపి మీటర్ పెడితే 12.6 చూపించింది. "దేఖో, ఠీక్ హై" అన్నాడట సేఠ్. గొలుసు లాగుతూ కొలిస్తే 9.8. చివర కోసి చూస్తే లోపల రాగి నల్లగా మాడి ఉంది. పైగా బ్రేకర్ మాటిమాటికీ పడిపోతోందని పాత మిస్త్రీ ఎవరో పెద్ద బ్రేకర్ బిగించి పోయాడు. బ్రేకర్ ఉండేదే తారును కాపాడటానికి కదా!

నేనేమన్నానో చెప్పడానికి షరమ్‌గా ఉంది. "ఆయన పడవ, ఆయన మర్జీ. బిగించి పైసలు తీసుకో. చెల్లె షాదీ ఉంది."

కాసేపు మాట్లాడలేదు వాడు. తర్వాత, "కూలర్ వాలీ రాత్ భూల్ గయే భయ్యా?" అన్నాడు.

అబ్బా పాత తారుకే టేపు చుట్టి కూలర్ నడిపేవారు. ఒక ఎండాకాలం రాత్రి ప్లగ్గు కరిగి పర్దా అంటుకుంది. అమ్మీ తహజ్జుద్‌కు లేచింది కాబట్టి బతికాం. వీడికప్పుడు ఆరేళ్లు. మేం వీధిలోకి పరుగెత్తాం. సముద్రం మధ్యలో ఎక్కడికి పరుగెత్తుతారు? ఆ సేఠ్ సెలవు రోజు పిల్లల్ని ఎక్కించుకుని పోతాడట.

నిన్న ఫోటో పంపాడు. 70 చదరపు మిల్లీమీటర్ల కొత్త కేబుల్, కళాయి పూసిన రాగి, బ్యాటరీ పక్కనే సరైన బ్రేకర్. మోటార్ దగ్గర ఇప్పుడు 11.7 ఉందట. కేబుల్ ఖర్చు సేఠ్ పెట్టుకున్నాడు, మజూరీలో సగం కోశాడు. చెల్లె చీటీకి ఈ నెల తక్కువ పడింది నేను కట్టాను.